ఎచ్చులు ఎవరివి? తగుదునమ్మా ఎవరు?

సబ్బవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు టాపిక్ చిన్నదే గానీ మనం రోజూ వాడేది. ఎవరైనా కొంచెం కొత్తగా కనిపిస్తే చాలు, మన నోట్లోంచి వచ్చే మాట: "ఏట్రా, ఎచ్చులు పోతన్నావు?"

ఎచ్చులు అంటే హెచ్చులే. ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపించుకోవడం. నన్నడిగితే, ఈ మాటకున్న పదును 'బిల్డప్'కి లేదు. 'బడాయి' హిందీ, ఉర్దూల నుంచి వచ్చింది. అక్కడ దానికి గొప్పతనం, పొగడ్త అనే అర్థాలున్నాయి. మన దగ్గరికొచ్చేసరికి లేని గొప్ప అయిపోయింది, పాపం. వియత్నాం కుర్రాళ్లయితే 'లామ్ మవ్' అంటారు, అక్షరాలా 'రంగు చేయడం'. మన సామెత ఇంకా ఘాటు: మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

ఇవన్నీ ఒక జాతి. ఇంకో జాతి ఉంది. "తగుదునమ్మా అని వచ్చేశాడు" అంటాం కదా, ఆ 'తగుదును' అంటే 'నేను తగినవాణ్ణి' అని. ఎవరూ అడక్కుండానే తన సర్టిఫికెట్ తనే చదువుకుంటూ రావడం అన్నమాట. అన్నదమ్ముల గట్టు తగాదాలో దూరి తీర్పు చెప్పేసే బాబాయిలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ బాబాయి నిజంగా తెలివైనవాడే కావచ్చు. కానీ ఆ కుర్చీ ఆయనకెవరిచ్చారు?

రెండూ ఒకే మనిషిలో చూడాలంటే గిరీశం ఉన్నాడు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది మన పక్కనున్న విజయనగరంలోనే. చదువు చెబుతానంటూ శిష్యుడి ఇంట్లో దిగిపోతాడు గిరీశం. ఇంగ్లీషు రాని ఇంట్లోవాళ్ల ముందు చిన్నపిల్లల రైమ్ ముక్కలు పారేసి, అదే పెద్ద సంభాషణ అనిపించేస్తాడు. నవ్వొస్తుంది గానీ, అక్కడ మోసపోయేవాళ్లున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊరి పిల్ల వైజాగ్ కాలేజీలో చేరుతుంది. క్లాసులో "ఏటి" అంటే నవ్వుతారు. సరే అని "ఏంటి" అనడం అలవాటు చేసుకుంటుంది, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు ప్రాక్టీస్ చేస్తుంది. ఆదివారం బస్సు దిగి ఇంట్లో అలాగే మాట్లాడితే "అబ్బో, ఎచ్చులు!" అంటారు. అక్కడా నవ్వే, ఇక్కడా నవ్వే. ఆ పిల్ల ఎవర్ని మోసం చేసిందండీ? లేని డబ్బు ఉందని చెప్పిందా? ఎవరి కుర్చీలోనైనా కూర్చుందా? కొత్తగా నేర్చుకునే భాష మొదట్లో నోటికి అతకదు, గంజి పెట్టిన చొక్కాలా గరగరలాడుతుంది. గిరీశానికి తగలాల్సిన మాటని తీసుకొచ్చి ఆ పిల్ల మీద వేసేస్తున్నాం. రేపు ఇంటర్వ్యూలో నోరు తెరిచే టైముకి ఆ "అబ్బో" గుర్తొచ్చి గొంతు ఆగిపోతే, పోయేది ఉద్యోగం.

మీ ఇంట్లో ఈ మాట ఎక్కువగా ఎవరిమీద పడుతుందో ఓసారి గమనించండి. అబ్బాయిలమీదా, అమ్మాయిలమీదా? నాకైతే ఒక అనుమానం ఉంది. 'నిక్కు', 'టెక్కు' మిగిలిపోయాయి, వాటి సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి.