బెంజి లారీ చుట్టం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు మూడు షరతులు పెట్టారు. నీ పనికి సంబంధించిందే చెప్పు, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు, పావుగంటలో దిగిపో అని. మూడోదే కష్టం. నా పని ఇంజన్లతో. అందుకని ఒక ఇంజన్ గురించి, దాన్ని మోసిన కారు గురించి చెప్తాను.

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పెద్దవాళ్లు కొందరు లారీని ఇప్పటికీ 'బెంజి' అంటారు. 1954లో టాటా వాళ్లు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేశారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. బండి ముక్కు మీది మూడు కొనల చుక్క పోయింది గానీ పేరు మన నోళ్లలో ఉండిపోయింది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి పిల్లలకు నేను వేరే చెప్పక్కర్లేదు. అదే ఇంటిపేరుతో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో ఒక టాపు తీసే కారు ఉండేది. మెర్సిడెస్-బెంజ్ 540 కె.

1934లో వచ్చిన 500 కె దీనికి అక్క. 540 కెను 1936 అక్టోబర్‌లో పారిస్ మోటార్ షోలో చూపించారు. 540 అంటే 5.4 లీటర్ల ఇంజన్, ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో. అందుకే ఆ బానెట్ అంత పొడుగు. డ్రైవరు ఎక్కడో వెనకాల కూర్చున్నట్టుంటాడు. 'కె' అంటే కొంప్రెసర్. అసలు కథ ఆ అక్షరంలోనే ఉంది.

మన ఊళ్లల్లో కమ్మరి కొలిమి చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. తిత్తి ఊదకపోతే బొగ్గు మెల్లగా రాజుకుంటుంది. ఊదితే భగ్గుమంటుంది. ఇంజన్ కూడా అంతే. ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలు కాల్చగలదు, అంత బలం ఇస్తుంది. మామూలు ఇంజన్ తన ఊపిరితో పీల్చుకున్నంతే పీల్చుకుంటుంది. 540 కెలో దానికొక తిత్తి తగిలించారు. రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతూ గాలిని కార్బురేటర్‌లోకి నెడతాయి. దాన్ని రూట్స్ బ్లోయర్ అంటారు.

చమత్కారమేమిటంటే ఆ తిత్తి ఎప్పుడూ ఊదదు. డ్రైవరు యాక్సిలరేటర్ మామూలుగా తొక్కితే 115 హార్స్‌పవర్. నేలకంటా తొక్కితే లోపల క్లచ్ పట్టుకుంటుంది, బ్లోయర్ తిరుగుతుంది, 115 కాస్తా 180 అవుతుంది. అప్పుడు పుట్టే కీచుమనే కూత దూరం దాకా వినిపిస్తుంది. ఎదుటి బండిని దాటడానికో, గుట్ట ఎక్కడానికో కొద్దిసేపే వాడాలి. ఎందుకు? బ్లోయర్ తిరగడానికే ఇంజన్ బలం కొంత ఖర్చవుతుంది, వేడి పెరుగుతుంది, ఆనాటి పెట్రోలుతో అయితే ఇంజన్ కొట్టుకోవడం మొదలవుతుంది. ఈనాటి లారీల్లో ఉండే టర్బో కూడా ఇదే వంశం. కాకపోతే అది పొగగొట్టంలోకి పోయే వాయువుతో తిరుగుతుంది, వృథాగా పోయేదాన్ని పనిలో పెడుతుంది. ఇంజనీరుగా నా ఓటు టర్బోకే. కూత మాత్రం పాతదానిదే బాగుంటుంది.

బాడీలు సిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీలో చేతిపనితో తయారయ్యేవి. బండి బరువు రెండు టన్నుల పైమాటే, వేగం గంటకు 170 కిలోమీటర్ల దాకా, పెట్రోలు లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా రాదు. మామూలు క్యాబ్రియోలే ధర 22,000 రైష్‌మార్కులు. అదే ఏడాది ఒపెల్ పి4 అనే చిన్న కారు 1,450కే దొరికేది. పదిహేను కార్ల ధర పెట్టి ఒక్క కారు! అందుకే మొత్తం 419 మాత్రమే తయారయ్యాయి. యుద్ధంతో ఆ తయారీ ఆగిపోయింది.

ఇలాంటి సంబురం రాజులకు మన దగ్గరా ఉండేది. ఆరో నిజాం కోసం ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. వెనక సింహాసనం లాంటి సీటుంటుంది. 1911లో ఆయన పోయాకే ఆ కారు వచ్చింది.

ఇక రెండో సంగతి. ఇది చెప్పకుండా ఆ కారును పొగడటం నాకు చేతకాదు. 'మెర్సిడెస్' ఒక అమ్మాయి పేరు. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి కూతురు, 1889లో పుట్టింది. ఆ పిల్ల తాత వియన్నాలో పేరున్న యూదు మతగురువు. యూదులను అంతం చేయాలనుకున్న నాజీ పెద్దలు ఆ పేరున్న కార్లలోనే ఊరేగారు. గోరింగ్ వాడిన 540 కెను 1945లో అమెరికా సైనికులు బెర్హ్‌టెస్‌గాడెన్‌లో పట్టుకున్నారు.

ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందో కంపెనీ వాళ్లే తర్వాత రాసిపెట్టారు. 1944లో డైమ్లర్-బెంజ్‌లో పనిచేసిన 63,610 మందిలో దాదాపు సగం మంది బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్లు. అప్పటికి 540 కె తయారీ లేదు, యుద్ధ సామగ్రే. అయినా కంపెనీ అదే, కప్పు మీది చుక్క అదే. ఈ మాట జర్మనీలో ఎవరికైనా వివరించాలేమో గానీ, వెట్టి అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పక్కర్లేదు. దొర గడీ ఎంత అందంగా ఉన్నా, రాళ్లు మోసిందెవరని మనం అడుగుతాం. కారు దగ్గర కూడా అడగాలని నా ఉద్దేశం. 2000లో జర్మన్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి 1,000 కోట్ల మార్కులతో నిధి పెట్టి, బతికున్న అప్పటి కూలీలకు పరిహారం ఇచ్చాయి. యాభై అయిదేళ్లు ఆలస్యంగా. 2012లో ఒక్క 540 కె స్పెషల్ రోడ్‌స్టర్ అమెరికా వేలంలో కోటీ పదిహేడు లక్షల డాలర్లకు పైగా పలికింది.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు జర్మనీలో చదువుతున్నారు. స్టుట్‌గార్ట్ మ్యూజియానికి వెళ్తే ఆ కాలపు కొంప్రెసర్ కార్ల దగ్గర ఫొటో దిగుతారు, దిగండి. కానీ 260 డి అనే కారును కూడా గుర్తుపెట్టుకోండి. అదీ 1936లోనే వచ్చింది. 45 హార్స్‌పవర్, కూతా లేదు, హంగూ లేదు. లారీల్లో నేర్చుకున్న డీజిల్ పనితనాన్ని కారులోకి తెచ్చిన బండి అది. టాక్సీ వాళ్లు ఎక్కువగా కొన్నారు. మన బెంజి లారీకి దగ్గరి చుట్టం అదే.

పావుగంట దాటినట్టుంది. సెలవు.