ఒడ్డు విడిచే చల్లనీరు



ఈ ఉపన్యాసానికి పిలుస్తూ, విషయం మీ ఇష్టమన్నారు. నేను కాలిఫోర్నియా తీరాన్ని తీసుకున్నాను. విశాఖలో నిలబడి అక్కడి కథ ఎందుకంటే, ఒడ్డున చల్లనీరు పైకి రావడం గురించి మనం తరగతిలో గీసే బొమ్మ ఎంతవరకు నిలుస్తుందో అక్కడే బాగా తేలింది.

ఆ బొమ్మ మీకు తెలిసిందే. వసంతం నుంచి వేసవి దాకా అక్కడ ఉత్తరపు గాలి ఒడ్డు వెంబడే వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే పడమటి సముద్రంలోకి జరుగుతుంది. ఆ చోటికి అడుగు నుంచి చల్లనీరు లేస్తుంది. సముద్రంపై తేలే మంచు గాలికి కుడిగా కొట్టుకుపోవడాన్ని ఫ్రామ్ ఓడ మీంచి ధ్రువ యాత్రికుడు నాన్సెన్ గమనించాడు. దానికి సముద్ర శాస్త్రవేత్త ఎక్‌మన్ లెక్క కట్టి 1905లో ప్రచురించాడు. ఆ లెక్కకు ఇప్పటికీ ఢోకా లేదు. కాకపోతే అందులో ఒడ్డు గీత గీసినట్టుంటుంది, నీరు పొడవునా ఒకే తీరున జరుగుతుంది. సముద్రం అంత బుద్ధిమంతురాలా?

1970ల చివర ఉపగ్రహాల పరారుణ చిత్రాలు చేతికొచ్చాయి. వాటిలో చూస్తే, పాయింట్ అరీనా, పాయింట్ రేయెస్ వంటి చోట్ల, నేల సముద్రంలోకి పొడుచుకొచ్చిన దగ్గర, చల్లనీరు నాలుకలు చాచినట్టు 200 కిలోమీటర్లకు పైగా బయటికి పోతోంది. వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లే. ఓడ ఒక గీతన పోతూ సీసాల్లో నీరు పట్టుకుంటే ఇది ఒక చోట కాస్త చల్లగా తగిలి తప్పిపోతుంది.

వేగం చూడండి. ఎక్‌మన్ లెక్కన పైనీరు సెకనుకు ఓ అయిదు సెంటీమీటర్లు జరిగితే రోజుకు నాలుగు కిలోమీటర్లు. ఈ నాలుకల్లో సెకనుకు అర మీటరు మామూలు. అంటే రోజుకు నలభై పైచిలుకు. నెలన్నర ప్రయాణం అయిదు రోజుల్లో ముగుస్తుంది.

ఈ నాలుక ఒడ్డు నుంచి చిమ్మిన ధారా, సుడుల మధ్య ఇరుక్కుని లాగబడుతున్న నీరా, దక్షిణానికి మెలికలు తిరుగుతూ పోయే ఒకే ప్రవాహమా? 1987, 88లలో ఓడలు, తేలే బోయాలతో శాస్త్రవేత్తలు ఆ తీరాన్ని గాలించారు. మొగ్గు మెలికల ప్రవాహం వైపే తేలింది. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మరొకటి: బయటికి పోతూ ఆ బరువైన నీరు వెచ్చటి నీటి కిందికి జారుతోంది. ఎండ అందని వంద మీటర్ల లోతున పచ్చటి నాచుకణాలు దొరికాయి. ఒడ్డున పుట్టిన పంట అలా చీకట్లోకి దిగిపోతుంది. రాళ్ళకంటుకుని బతికే బార్నకిల్స్ లార్వాలూ బయటికి కొట్టుకుపోయి, గాలి తగ్గినప్పుడే ఒడ్డుకు చేరతాయి.

ఇక మన తీరం. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, మన విద్యార్థులతో కలిసి, ఇక్కడ ఎండలు ముదిరేవేళ నైరుతి గాలికి అడుగునీరు పైకి రావడాన్ని నమోదు చేశారు. ఈ రోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, చేపలు దొరికే చోట్లు చెప్పడానికి చల్లనీరు, వెచ్చనీరు కలిసే అంచులనే ఉపగ్రహ చిత్రాల్లో వెతుకుతుంది. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. నైరుతి మేఘాలు కమ్మితే పరారుణ కన్ను మూసుకుపోతుంది. కాబట్టి మార్చి నుంచి ఏప్రిల్ సగం దాకా ఉండే తేట ఆకాశాన్ని వాడుకోవాలి. ఒడ్డున ఒక్క చోట ఉష్ణోగ్రత కొలిచి తీరమంతటికీ అంటగట్టే అలవాటు మానాలి. ఆ ఉపగ్రహ చిత్రాలను రోజువారీగా పేర్చి చూసే పని ఎమ్మెస్సీ విద్యార్థులూ చేయగలరు.