శిక్షకు ముందు ఒక ప్రశ్న



పిలిస్తే పలుకని బాలుడు అవిధేయుడు కావచ్చు; వినికిడి లోపం గలవాడూ కావచ్చు. బిగ్గరగా చదువుమనగానే పుస్తకం విసరివేసే బాలిక పెంకిది కావచ్చు. అక్షరాలు కుదురుగా పోల్చుకోలేని అభ్యసన వైకల్యం గలదీ కావచ్చు. చేష్ట ఒకటే, కారణాలు వేరు.

అమెరికా చట్టం ఈ భేదాన్ని గుర్తించింది. క్రమశిక్షణ పేరిట వైకల్యం గల విద్యార్థిని వరుసగా 10 పనిదినాలకు మించి బడికి దూరం చేయదలిస్తే, ఆ ప్రవర్తనకు వైకల్యమే కారణమా అన్నది తల్లిదండ్రుల సమక్షంలో విచారించవలసి ఉంటుంది.

భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం, ప్రాథమిక విద్య ముగిసే వరకు, అనగా ఎనిమిదవ తరగతి దాకా, బహిష్కరణను నిషేధించింది. శారీరక దండనను, మానసిక వేధింపును కూడా నిషేధించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొని, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా కనిపెట్టవలెనన్నది.

అయినను, "నాలుగు రోజులు ఇంటనే ఉంచుకొనండి" అన్న మాట ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. ఆ నాలుగు రోజుల పాఠం మాత్రం పోతుంది. వెనుకబడిన బిడ్డ మరింత వెనుకబడుతుంది.

కనుక ఉపాధ్యాయులు సంఘటన ఏ వేళ, ఏ పాఠంలో జరిగినదో వ్రాసి ఉంచాలి. తల్లిదండ్రులు వైద్యుని పత్రాన్ని సిగ్గుపడి దాచరాదు. మాతృభాషలో బోధించే బడికి ఒక సౌలభ్యం ఉన్నది: "ఎందుకు చేశావు నాయనా?" అని ఇంటిభాషలో అడుగవచ్చు. శిక్ష వ్రాసే ముందు ఆ జవాబు వినడమే న్యాయం.