బస్తాకో సంతకమా, లారీకో సంతకమా?

నేను చదివింది ఐటీఐ, చేసేది సైట్ సూపర్‌వైజర్ పని. డేటాబేస్ గురించి నేనెందుకు మాట్లాడుతున్నానంటే, దానివల్ల ఒకసారి మావాళ్ల ఓటీ డబ్బులు పోబోయాయి.

మా సైట్ ఆఫీసులో ఓటీ గంటలు రోజూ ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్లో కొట్టేవాళ్లం. గేటు పంచింగ్ లెక్క నెలాఖరున అందులోకే ఎక్కించాలి. 600 మంది, 30 రోజులు, మొత్తం 18,000 వరుసలు. ఐదు నిమిషాలు పట్టేది.

ఎందుకంత సేపు? కమిట్ అంటే, కరెంటు పోయినా ఇది చెరగదని డేటాబేస్ ఇచ్చే మాట. అందుకోసం మార్చబోయే పేజీ పాత కాపీని ముందు జర్నల్ ఫైల్లో రాస్తుంది, అది డిస్క్ మీద పడేదాకా ఆగుతుంది, ఆ తర్వాతే అసలు ఫైల్ ముట్టుకుంటుంది. మధ్యలో ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు జర్నల్ చూసి పాత స్థితికి వస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ మీద ఇలాంటి కమిట్లు సెకనుకు సుమారు 60 అవుతాయి. మా ప్రోగ్రాం వరుసకో కమిట్ చేస్తోంది. 18,000ని 60తో భాగించండి, 300 సెకన్లు.

ఆఫీసు కుర్రాడొకడు విసుగొచ్చి జర్నల్ ఆఫ్ చేశాడు. పని చకచకా అయిపోయింది. అందరం శభాష్ అన్నాం, నేనూ అన్నాను. తర్వాతి నెల సగం ఎక్కాక జనరేటర్ ట్రిప్పయింది. తెరిస్తే ఫైల్ పాడైందని ఎర్రర్. వెనక్కి తీసుకెళ్లే జర్నల్ లేదు, బ్యాకప్ పాతది.

మూడు రాత్రులు ఫోర్‌మన్ల జేబు డైరీలు ముందేసుకుని కూర్చున్నాం. ఇద్దరికి నాలుగేసి గంటలు తేలలేదు. వాళ్లు పని చేస్తుంటే నేను కళ్లారా చూశాను కాబట్టి నేనే సంతకం పెట్టాను.

అసలు మందు చాలా చిన్నది. సిమెంటు లారీ వస్తే బస్తాకో సంతకం పెడతామా? మొత్తం దింపించి, లెక్క చూసి, ఒక్క సంతకం పెడతాం. అలాగే ముందు బిగిన్, చివర కమిట్, మధ్యలో 18,000 వరుసలు. జర్నల్ ఆన్‌లోనే ఉంది, పని రెండు సెకన్లు కూడా పట్టలేదు. మధ్యలో కరెంటు పోతే మొత్తం వెనక్కి పోతుంది, మళ్లీ ఎక్కించుకుంటాం, అంతే.

స్పీడ్ కావాలంటే సంతకాలు తగ్గించండి అన్నలూ, రిజిస్టర్ మాత్రం చింపకండి. అందులో ఉన్నది మన వాళ్ల చెమట. ఉంటాను.