ఇల్లే కార్యాలయమైతే

'పనికి పోవడం' అన్నది మనం నిత్యం వాడుకునే మాట. ఉద్యోగానికి పోవడం, ఆఫీసుకు పోవడం అన్నా అదే ధోరణి. పని ఒక చోట, ఇల్లు మరొక చోట ఉంటాయనీ, మనిషి ఉదయం ఇక్కడ నుండి అక్కడికి పోయి సాయంకాలం తిరిగి వస్తాడనీ ఈ మాటలోనే ఇమిడి ఉన్నది. కాని ఇది అనాదిగా వచ్చిన ఏర్పాటు కాదు. కుమ్మరి సారె, సాలె మగ్గం, కంసాలి కుంపటి ఒకప్పుడు ఇంటిలోనివే. మన్సూరాబాదు నుండి విజయవాడ రహదారి పట్టి తూర్పుగా పోయి, కొంత దూరాన లోపలికి తిరిగితే భూదాన్ పోచంపల్లి వస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమానికి అంకురార్పణ చేసిన ఊరు అది. ఆ ఊరి నేతగాండ్రలో ఎందరికో నేటికీ మగ్గమున్న గదే కార్యాలయం. పనిని ఇంటి నుండి విడదీసినవి మిల్లులు, కచేరీలు, రైళ్లు.

అట్లా విడిపోయిన పని 2020 మార్చిలో అకస్మాత్తుగా ఇల్లు చేరినది. కోవిడ్ వ్యాధి కారణంగా ఆ నెల 22న హైదరాబాదు మెట్రో నిలిచినది. ఆఫీసులు మూతపడినవి. కంప్యూటర్లను చంకన పెట్టుకుని వేలాది మంది ఇంటి దారి పట్టినారు. కొందరు స్వగ్రామాలకే పోయినారు. ఇది తాత్కాలికమని మొదట అందరమూ అనుకున్నాము. తరువాత ఇదే శాశ్వతమనుకున్నాము. టీసీఎస్ సంస్థ 2025 నాటికి తన ఉద్యోగులలో నాలుగవ వంతుకు మించి ఒకే వేళ ఆఫీసులో ఉండనక్కర లేదని 2020లో ప్రకటించినది. ఆ ఏటి నవంబరు 5న కేంద్ర ప్రభుత్వం ఇంటి నుండి పని చేయడానికి అడ్డుగా ఉన్న టెలికాం నిబంధనలను సడలించినది. ప్రత్యేక ఆర్థిక మండలాలలోని సంస్థలు సగం మందిని ఇంటి నుండి పని చేయించుకోవచ్చునని 2022 జులైలో నియమం వచ్చినది. ఆ డిసెంబరులో అది అందరికీ వర్తించినది. ఇంతలో గాలి మారినది. అదే టీసీఎస్ 2023 అక్టోబరు నుండి వారానికి 5 దినాలు ఆఫీసుకు రమ్మన్నది. తక్కిన సంస్థలు కొన్ని నెలకు ఇన్ని దినాలని, కొన్ని వారానికి ఇన్ని దినాలని నిర్ణయించినవి. ఇప్పుడు ఇంటింటా ఉన్న ప్రశ్న ఇది: పని ఇంటికి రావడం మేలా, మనం పనికి పోవడం మేలా?

మా మన్సూరాబాదు వారు ఈ ప్రశ్నను తూచబోతే త్రాసులో మొదట పడే రాయి దూరం. మాధాపురంలో సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించినారు. ఆ తరువాతి కంపెనీలు చాలా వరకు దాని చుట్టుపట్లనే, గచ్చిబౌలి, రాయదుర్గం వైపునే వెలసినవి. అది నగరానికి పడమటి కొస. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కు నుండి వచ్చిన కుటుంబాలెన్నో ఊరి బస్సు ఆగే ఎల్బీనగర్ చుట్టూ స్థలాలు కొని ఇండ్లు కట్టుకున్నవి. ఇది తూర్పు కొస. స్వగ్రామానికి దగ్గరని తండ్రి ఇక్కడ ఇల్లు కట్టినాడు. పిల్లలకు ఉద్యోగాలు దొరికినది నగరానికి అవతలి కొసన.

మెట్రో వచ్చి ఈ కష్టాన్ని కొంత తగ్గించినమాట నిజం. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ నుండి అమీర్‌పేటకు, 2019 మార్చి 20న అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి, ఆ నవంబరు 29న రాయదుర్గానికి బండి నడిచినది. ఎల్బీనగర్‌లో ఎక్కినవారికి అమీర్‌పేట 16వ స్టేషను. అక్కడ దిగి, జనంతో పాటు మరొక అంతస్తుకు చేరి, వేరొక బండి ఎక్కితే రాయదుర్గం 9వ స్టేషను. బండి మారడం ఇష్టం లేనివారు నాగోలుకు పోయి నేరుగా ఎక్కుతారు. ఇంటి నుండి స్టేషనుకు, దిగిన తరువాత ఆఫీసుకు పట్టే కాలం దీనికి అదనం. మొత్తం మీద పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అని లెక్క వేసుకుందాము. దినానికి 3 గంటలు, వారానికి 15 గంటలు. సంవత్సరంలో 48 వారాలు పని చేసినవారికి 720 గంటలు. రాత్రింబవళ్లు కలిపి లెక్కిస్తే సరిగా 30 దినాలు. ఏడాదిలో ఒక నెల దారిలోనే గడిచిపోతున్నదన్నమాట. ఆ నెలకు జీతం లేదు.

కనుక ఇంటి నుండి పని చేయడంలో మనకు మొదట లభించేది కాలం. ఆ కాలంలో తండ్రిని వైద్యుని వద్దకు తీసుకొని పోవచ్చును. బిడ్డకు అన్నం తినిపించవచ్చును. ప్రసవానంతరం ఉద్యోగాన్ని వదలవలసిన అగత్యం ఒక తల్లికి తప్పవచ్చును. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు 26 వారాల సెలవుతో పాటు, పని స్వభావం అనుకూలిస్తే, సెలవు ముగిసిన పిదప యజమానీ ఉద్యోగినీ ఒప్పందం చేసుకుని ఇంటి నుండి పని సాగించవచ్చునని కూడా చేర్చినారు. వ్యాధి రాక ముందే చట్టం ఈ అవసరాన్ని గుర్తించినదని దీనివల్ల తెలుస్తున్నది. చైనాలోని ట్రిప్.కామ్ అనే ప్రయాణ సంస్థలో 1,612 మంది ఉద్యోగులపై ఒక పరిశోధన జరిగినది. దాని ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో ప్రకటితమైనవి. వారానికి 2 దినాలు ఇంటి నుండి పని చేయనిచ్చినవారిలో ఉద్యోగం మానుకున్నవారి సంఖ్య మూడవ వంతు తగ్గినది. పని నాణ్యతలో గాని పదోన్నతులలో గాని లోటు కనిపించలేదు. ఈ మేలు ప్రధానంగా ఎవరికి కలిగినదంటే స్త్రీలకు, పై అధికారులు కానివారికి, దూరం నుండి వచ్చేవారికి. ఈ చివరి మాట మా వంటివారిని గురించినదే.

ఇంతటితో ఆగితే తీర్పు సులభం. కాని త్రాసుకు రెండవ తట్ట కూడా ఉన్నది.

మళ్లీ పోచంపల్లి మగ్గాన్ని చూద్దాము. మగ్గం మీద కూర్చునేవాడు ఒక్కడు. కాని నూలు చుట్టేది ఇల్లాలు, కండెలు పట్టేది పిల్లలు లేదా ముసలివారు. కూలి ఒక చీరకు లెక్క కడతారు. శ్రమ మాత్రం ఇంటిల్లిపాదిది. పని ఇంటిలో అడుగు పెట్టినప్పుడు ఇంటివారందరినీ తనలో కలుపుకొంటుంది. కంప్యూటరు పని కూడా ఇందుకు మినహాయింపు కాదు. రెండు గదుల ఇంటిలో కొడుకు సమావేశంలో ఉన్నాడంటే తాత రేడియో ధ్వని తగ్గించవలె, పసివాడు వాకిట ఆడుకోవలె, తల్లి కుక్కరు కూత వేయక ముందే పొయ్యి కట్టవలె. వీరెవ్వరూ ఆ సంస్థ ఉద్యోగులు కారు. అయినా వారి మౌనం ఆ సంస్థకు ఉచితంగా అందుతున్నది. గది, కరెంటు, ఇంటర్నెట్టు ఖర్చు కూడా చాలా చోట్ల ఇంటి లెక్కలోకే వస్తున్నది. ఇక కోడలు ఇంటి నుండి పని చేస్తే, ఇంటిలోనే ఉన్నది గదా అని వంటపని, చాకిరీ ఆమెకే వచ్చి చేరుతాయి. ఆఫీసు పని ఆగదు, ఇంటిపని తగ్గదు. దూరంలో ఎంత బాధ ఉన్నా అది ఒక హద్దు కూడా. ఆ హద్దు చెరిగిపోయినప్పుడు పనికి ఆరంభం తెలుస్తుంది గాని అంతం తెలియదు.

పని ఫలితం విషయంలోనూ పరిశోధనలు ఏకముఖంగా లేవు. చైనాలో ఇదే ప్రయాణ సంస్థ సీట్రిప్ అనే పేరుతో ఉన్న కాలంలో, 2010లో ఒక ప్రయోగం ఆరంభించినది. టెలిఫోను సేవలందించే ఉద్యోగులు తొమ్మిది నెలలు ఇంటి నుండి పని చేసినారు. పని 13 శాతం పెరిగినది. చెన్నైలో కంప్యూటరులో వివరాలు ఎక్కించే కొత్త ఉద్యోగులపై జరిగిన ప్రయోగం 2023లో వెలువడినది. అందులో ఇంటి నుండి పని చేసినవారి పని ఆఫీసువారి కంటె 18 శాతం తక్కువ. ఒక చోట లాభం, మరొక చోట నష్టం. కారణం వెదికితే దొరుకుతుంది. చైనావారు స్వయంగా కోరుకున్నవారినే తీసుకున్నారు. వారు ఆ సంస్థలో కనీసం ఆరు నెలలు పని చేసినవారు. ఇంటిలో తమకంటూ వేరే గది ఉన్నవారు. చెన్నైలోని వారు అప్పుడే చేరినవారు. అక్కడి తేడాలో మూడింట రెండు వంతులు మొదటి దినాననే కనిపించినవి. తక్కిన వంతు, ఆఫీసులో ఉన్నవారు త్వరగా పని నేర్చుకొనడం వల్ల వచ్చినది.

చెన్నై ప్రయోగంలో మరొక సంగతి తేలినది. ఆఫీసునే కోరుకున్నవారికి ఇంటిలో పని 13 శాతం తగ్గితే, ఇంటినే కోరుకున్నవారికి 27 శాతం తగ్గినది. ఇది వింతగా తోచవచ్చును. కాని వారెవరో తెలిస్తే వింత తొలగిపోతుంది. పిల్లల పోషణ, పెద్దల సంరక్షణ నెత్తిన ఉన్నవారు, పేద కుటుంబాలవారు వారిలో ఉన్నారు. ఇంటి నుండి పని ఎవరికి ఎక్కువ అవసరమో, వారి ఇంటిలోనే పనికి తావు తక్కువ. ఈ చిక్కును చూడకుండా, 'ఇష్టమున్నవారు ఇంటిలో ఉండవచ్చును' అని వదిలేస్తే న్యాయం చేసినట్లు కాదు.

కొత్తవారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలె. పనిలోని మెలకువలు పుస్తకంలో ఉండవు. పక్క బల్ల మీది పెద్దవాడు చిక్కుముడిని ఎట్లా విప్పుతున్నాడో చూచి నేర్చుకోవలె. అడగడానికి సంకోచించే ప్రశ్నను కాఫీ వేళ అడిగి తెలుసుకోవలె. వంద సందేశాలలో తెలియనిది ఒక్క చూపులో తెలుస్తుంది. ఒంటరితనం కూడా చిన్న విషయం కాదు. సీట్రిప్ ప్రయోగం ముగిసిన తరువాత, ఇంటి నుండి అంత బాగా పని చేసినవారిలోనే దాదాపు సగం మంది ఆఫీసుకు తిరిగి వస్తామన్నారు. వారు చెప్పిన ముఖ్య కారణం ఏకాంతం. పైగా, చేసిన పనితో పోల్చి చూస్తే వారికి పదోన్నతులు కూడా తక్కువగానే వచ్చినవి. కంటికి కనిపించనివాడు అధికారి మనస్సుకూ తట్టడు.

మరొక మాట. ఈ తూకం వేసుకునే అవకాశమే అందరికీ లేదు. మా పక్కనే ఉన్న ఆటోనగరులో లారీ క్రింద దూరి బోల్టు బిగించే మేస్త్రి, ఆర్టీసీ డ్రైవరు, తెల్లవారకముందే వీధి ఊడ్చే మనిషి ఇంటి నుండి పని చేయలేరు. 2020లో ఆఫీసులు మూతపడినప్పుడు వాటినే నమ్ముకున్న క్యాబు డ్రైవర్లు, క్యాంటీను పనివారు, కాపలాదారులు, టిఫిను బండ్లవారు ఎందరో బ్రతుకుతెరువు కోల్పోయినారు. మనకు సౌకర్యమైనది మరొకరికి పస్తు కావచ్చునని గుర్తుంచుకోవలె.

అయితే ఇల్లు, ఆఫీసు అని రెండే దారులున్నవా? 1973లో అమెరికాలో జాక్ నిల్లెస్ అనే ఇంజనీరు, మనుషులను పని దగ్గరకు మోసుకుపోయే బదులు తీగల ద్వారా పనినే మనుషుల దగ్గరకు పంపవచ్చునని ప్రతిపాదించినాడు. ఆయన మొదట పరీక్షించినది ఇంటి నుండి పని కాదు. ఒక భీమా కంపెనీ ఉద్యోగుల ఇండ్లకు సమీపంలో చిన్న చిన్న ఆఫీసులు ఏర్పరచి చూచినాడు. మా తూర్పు ప్రాంతానికి కావలసినది కూడా అదే. ఆదిభట్లలో టీసీఎస్, పోచారంలో ఇన్ఫోసిస్, ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్ ఆఫీసులు ఈ దిక్కునే వెలసినవి. ఐటీ సంస్థలను నగరం నలుదిక్కులకూ విస్తరింపజేయవలెనని తెలంగాణ ప్రభుత్వం 2020లో గ్రిడ్ అనే విధానాన్ని ఆమోదించినది. మన్సూరాబాదు వారికి అరగంట దూరంలో ఆఫీసు ఉంటే, పైన చెప్పిన 720 గంటలు 240కి దిగుతాయి. అప్పుడు పోవలెనా వద్దా అన్న తగవులో సగం తీరిపోతుంది. ఇంటిలో గది లేనివారికి గది, ఒంటరివారికి తోడు, తల్లికి కాలం, మూడూ ఒక్క ఏర్పాటుతో దొరుకుతాయి.

అది జరిగే వరకు మనం చేసుకోదగిన కట్టుబాట్లు కొన్ని ఉన్నవి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు మొదటి సంవత్సరం దూరాన్ని భరించి అయినా ఆఫీసుకు పోవడం మంచిది. అది వారి చదువులో చివరి భాగం. పని చేతికి వచ్చినవారికి వారంలో రెండు దినాలైనా ఇల్లు దక్కవలె. ఒకే బృందంలోనివారు ఒకే దినాలలో ఆఫీసుకు రావలె. లేకుంటే మూడు గంటలు ప్రయాణం చేసి పోయి, అక్కడ మళ్లీ ఫోనులోనే మాట్లాడుకోవలసి వస్తుంది. ఇంటి నుండి పని చేసే దినాన పని ముగిసే వేళను ముందే నిర్ణయించి, ఆ వేళకు కంప్యూటరు మూసివేయవలె. ఆ దినం ఇంటిపని పంపకం కూడా ముందే జరగవలె. అది కోడలి తలపైనే పడరాదు.

అన్నిటి కంటె ముఖ్యం, పని ఇంటికి వచ్చేటప్పుడు ఇంటివారిని అడగడం. సంస్థ ఉద్యోగిని అడుగుతున్నది, ఉద్యోగి సంస్థను అడుగుతున్నాడు. గది విడిచిపెట్టే తల్లిని, మాటలు మింగుకునే తాతను అడిగేవారు లేరు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అని మన పెద్దలు అన్నారు. రచ్చ నడియింటికి వచ్చి కూర్చున్నప్పుడు, గెలుపైనా ఓటమి అయినా ఇంటివారందరిదీ అవుతుంది. కనుక ఈ నిర్ణయంలో వారికీ ఒక మాట ఉండవలె.