బొటనవేలి గుర్తు చాలదు

(కేతేపల్లిలో జరిగిన వర్ధమాన కవుల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము కవులము కాము. ముప్పై ఏండ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు తిప్పినవారము. పదవీ విరమణ తరువాత పింఛను దరఖాస్తులు రాసిపెట్టడం, పిల్లల స్కాలర్‌షిప్ కాగితాలు సరిచూడటం, మసీదు లెక్కలు చూడటం మా పని. అయినా ఈనాడు మమ్మల్ని మాట్లాడమన్నారు. కారణం మీకు తెలిసినదే. నాలుగేండ్ల క్రిందట మనలో కొందరు కవితలు పంచుకోవడానికి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నప్పుడు, వయసులో పెద్దవారమని దాని నిర్వహణ భారం మా మీద పెట్టారు. కేతేపల్లి, నకిరేకల్, సూర్యాపేటల నుంచి, ఈ ప్రాంతం విడిచి హైదరాబాదులో పనులు చేసుకుంటున్నవారి నుంచి అందులో కవితలు వస్తున్నాయి. వాటిని చదువుతూ మేము నేర్చుకున్నది, చేసిన తప్పు, రెండూ ఈనాడు మీ ముందు పెట్టదలచాము.

మొదట ఒక చిన్న విషయం. కార్యాలయంలో మా దగ్గరకు వచ్చిన కాగితం మీద చాలాసార్లు "చూచితిని" అని రాసి, పొట్టి సంతకం చేసి పై బల్లకు పంపేవారము. నిజంగా చూచినవి కొన్ని, చూడనివి కొన్ని. ఇప్పుడు మన గ్రూపులో కవిత కింద పడే బొటనవేలి గుర్తు కూడా అటువంటిదే. ఆనాడు చదువురాని రైతు కాగితం చదవలేక వేలిముద్ర వేసేవాడు. ఈనాడు చదువుకున్న మనము చదవకుండానే వేలిగుర్తు పెడుతున్నాము. ఆ రైతుకు గత్యంతరం లేదు. మనకేమి వచ్చింది?

ప్రశంస వద్దని మేము చెప్పడం లేదు. ముషాయిరాలో "వాహ్ వాహ్" లేకపోతే కవి గొంతు ఎండిపోతుంది. తొలిసారి రాసిన పిల్లవాడికి "మాషాఅల్లాహ్" అన్న ఒక్క మాట రెండో కవితకు దారి తీస్తుంది. కాని మన ముషాయిరా సంప్రదాయంలో "వాహ్"కు తోడుగా మరొకటి ఉండేది. దాని పేరు ఇస్లాహ్. షాగిర్ద్ తన గజల్ తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టేవాడు. ఉస్తాద్ ఒక మాట కొట్టివేసి మరొక మాట రాసేవాడు, అవసరమైతే మొత్తం షేర్ తీసివేయమనేవాడు. దూరాన ఉన్నవారికి ఈ పని తపాలాలో జరిగేది. మీర్జా గాలిబ్ తన శిష్యుడు మున్షీ హర్గోపాల్ తఫ్తాతో సహా ఎందరో శిష్యుల కవిత్వాన్ని ఉత్తరాల ద్వారానే దిద్దాడు. హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థానంలో ఉన్న దాగ్ దెహ్ల్వీకి యువకుడైన ఇక్బాల్ పంజాబు నుంచి తన గజళ్ళను ఇస్లాహ్ కోసం పంపేవాడు. కొంతకాలానికి ఇక దిద్దవలసిన అవసరం లేదని దాగ్ తెలియజేశాడు. చూడండి, ముఖం చూడకుండా దూరం నుంచి ఒకరినొకరు ప్రోత్సహించుకోవడం ఫోను వచ్చాక పుట్టినది కాదు. తపాలా పోయి ఫోను వచ్చింది. "వాహ్" మనతో వచ్చింది, ఇస్లాహ్ వెనుకబడిపోయింది.

తెలుగులోనూ మనకు ఇటువంటి దారి ఉన్నది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట విని, పాలమూరు గడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి కవితలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు. వారిలో పేరుమోసినవారు కొందరే. చాలామంది తమ ఊరిలో తమ పని చేసుకుంటూ రాసుకున్నవారు. "మీరు లేరు" అన్నవారికి వారు ఇచ్చిన జవాబు ఒక జాబితా. ముస్లింలు తెలుగులో రాయరన్న మాటకు జవాబు కూడా అటువంటిదే. పిఠాపురం ఉమర్ అలీషా గారు అవధానాలు చేసిన తెలుగు కవి. సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు 333 మంది తెలుగు ముస్లిం కవులను, రచయితలను "అక్షర శిల్పులు"లో పరిచయం చేశారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ గారి "పుట్టుమచ్చ" వచ్చింది. 1998లో మన నల్లగొండ జిల్లాకే చెందిన స్కైబాబ గారి సంపాదకత్వంలో "జల్‌జలా" వచ్చింది. షాజహానా గారి "నఖాబ్"తో మన ఆడబిడ్డ గొంతు తెలుగు కవిత్వంలో నిలిచింది. మనము ఇంట్లో మాట్లాడుకునే మాట తెలుగు కవిత్వంలోకి రావచ్చునని, అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదని ఈ పుస్తకాలు నిరూపించాయి.

ఇక ఫోనుల కాలానికి వద్దాము. ఖమ్మం జిల్లా రొట్టమాకురేవుకు చెందిన కవి యాకూబ్ గారు 2012లో ఫేస్‌బుక్‌లో "కవిసంగమం" మొదలుపెట్టారు. కొత్తగా రాసేవారి కవిత కింద అనుభవజ్ఞులు తమ మాట రాయడం, తెర మీద పరిచయమైనవారు హైదరాబాదులో ముఖాముఖి కూర్చొని చదువుకోవడం అక్కడ జరిగాయి. మన కలయిక చిన్నది. కాని అక్కడి నుంచి నేర్వదగినది ఒకటున్నది. తెర మీది పరిచయం మనుషులను ఒకచోట కూర్చోబెట్టినప్పుడే నిలుస్తుంది.

మన గ్రూపులోనే జరిగిన ఒక సంగతి చెబుతాము. కుట్టుమిషను మీద ఇల్లు గడుపుకునే ఒక ఆపా ఉన్నారు. ఆమె తెలుగు చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కవితను నోటితో చెప్పి వాయిస్ పంపుతారు, ఇంటర్ చదువుతున్న బిడ్డ దానిని టైపు చేస్తుంది. ఆమె తన తల్లి మీద ఒక కవిత పంపితే ఇరవైకి పైగా బొటనవేళ్ళు లేచాయి. మన గ్రూపులోని విశ్రాంత తెలుగు పండితులు మాత్రం వేలు ఎత్తలేదు. బిడ్డ ద్వారా ఫోను చేసి రెండు మాటలు అడిగారు. "అమ్మా, మీరు ఇంట్లో తల్లిని మాతృమూర్తీ అని పిలుస్తారా?" అన్నది మొదటిది. "సూదిలో దారం ఎక్కించలేక మీ అమ్మ మిమ్మల్ని పిలిచిన దగ్గరే కవిత పూర్తయింది కదా, తరువాతి మూడు పాదాలలో మాకు ఉపదేశం ఎందుకు చేస్తున్నారు?" అన్నది రెండవది.

ఆపా రెండు రోజులు నొచ్చుకున్నారు. మూడో రోజు మళ్ళీ వాయిస్ వచ్చింది. మాతృమూర్తి పోయి అమ్మీ వచ్చింది. చివరి మూడు పాదాలు లేవు. చదువుతుండగా ఆమె గొంతు ఆగిపోయింది, వింటున్న మా గొంతూ పట్టుకున్నది. ఇరవై బొటనవేళ్ళు చేయలేని పని ఆ రెండు ప్రశ్నలు చేశాయి. ఆ పండితులు మన మతస్థులు కారు. ఆమె ఇంటి మాటను ఆమెకు తిరిగి ఇచ్చినవారు ఆయనే. తన మాట తెలుగు కాదేమోనన్న భయంతో దానిని దాచుకోవలసిన అవసరం లేదని ఒక తెలుగు పండితుని నోట వినడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు మా తప్పు.

జాతీయ రహదారి పక్కన పంక్చర్ దుకాణంలో పనిచేసే ఒక కుర్రవాడు మన గ్రూపులో రాసేవాడు. తన మామ తోపుడు బండిని ఒక జాతరకు రావద్దన్నారని కవిత రాశాడు. అందులో ఎవరి మీదా దూషణ లేదు. అమ్ముడుపోని గాజులతో బండి ఇంటికి తిరిగి రావడమే ఉన్నది. ఆ కవితను ఎవరో పేరు తీసివేసి వేరే గ్రూపుకు పంపారు. అక్కడి నుంచి మరొక చోటికి పోయింది. దారిలో ఎవరో చివర రెండు తిట్లు చేర్చారు. ఒక రాత్రి మాకు ఫోను వచ్చింది. "మీ గ్రూపుకు అడ్మిన్ ఎవరు?" అన్న ప్రశ్న తప్ప అవతలి మనిషి పేరు కూడా చెప్పలేదు.

మేము భయపడ్డాము. ఆ రాత్రే కుర్రవాడి చేత కవిత తీయించాము. తెల్లవారకముందే అతడిని గ్రూపు నుంచి తొలగించాము. "ఇకపై వివాదాస్పద విషయాలు రాయరాదు" అని కార్యాలయ ఉత్తర్వు మాదిరిగా ఒక ప్రకటన పెట్టాము. కేసు కాలేదు, ఎవరూ రాలేదు, రెండో ఫోను కూడా రాలేదు. కాని ఎనిమిది నెలలు ఆ కుర్రవాడు ఒక్క పాదం రాయలేదు. మిగతావారు వానల మీద, రంజాన్ నెలవంక మీద రాశారు. అవి రాయదగని విషయాలు కావు. అయితే ఇష్టంతో రాసిన నెలవంక వేరు, భయంతో రాసిన నెలవంక వేరు. చదివేవారికి తేడా తెలుస్తుంది.

2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి పత్రికలో చదివినప్పుడు మాకు సిగ్గు వేసింది. ఉర్దూ కవి, రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ గారు సామాజిక మాధ్యమంలో పెట్టిన వీడియోలో ఒక కవిత వినిపిస్తుంది. దాని మీద గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో కేసు పెట్టారు. హైకోర్టు కేసు కొట్టివేయడానికి అంగీకరించలేదు. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం కొట్టివేసింది. మాటల ప్రభావాన్ని ధైర్యవంతుడైన, వివేకవంతుడైన మనిషి దృష్టితో చూడాలి గాని, ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని చూసే బలహీన మనస్కుని దృష్టితో కాదన్నది. మూడేండ్లు లేదా అంతకు పైబడి, ఏడేండ్లలోపు శిక్ష పడే ఇటువంటి నేరాలు ఆరోపించినప్పుడు, కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ జరపడం సముచితమన్నది.

మేము ఆ కవితను ఎవరి దృష్టితో చూశాము? బలహీన మనస్కుని దృష్టితోనే. మా కుర్రవాడి మీద విచారణ లేకుండా శిక్ష వేసినది ప్రభుత్వం కాదు, మేమే.

ఇటువంటి భయం మనకే పరిమితం కాదు. అస్సాంలో 2016లో హఫీజ్ అహ్మద్ గారు ఫేస్‌బుక్‌లో ఒక కవిత పెడితే, దానికి జవాబుగా మరొకరు, వారికి జవాబుగా ఇంకొకరు రాశారు. తమను చిన్నబుచ్చడానికి వాడిన "మియా" అన్న మాటనే తమ కవిత్వానికి పేరుగా పెట్టుకున్నారు. 2019లో పది మంది మీద కేసు నమోదైంది. వారిని అక్కడిదాకా నడిపించినది ఒకరి కవితకు మరొకరు కవితతో తోడు నిలవడమే.

మేము ఆ దుకాణానికి వెళ్ళాము. కుర్రవాడు ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "కేసయితదని నేను భయపడలే చాచా. మీరే నన్ను తీసేసిన్రు. గదే బాధ." మేము క్షమాపణ చెప్పుకున్నాము. ఆ కుర్రవాడు ఈనాడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చున్నాడు. ఇందరి ముందు మరొకసారి చెబుతున్నాము. తప్పు మాదే, బేటా.

అనుభవం మీద కొన్ని విన్నపాలు చేస్తున్నాము.

మొదటిది. ప్రతి కవితను మూడు రోజులలోగా ఇద్దరు చదవాలి. ఏ పాదం మనసులో నిలిచినదో ఒక వాక్యం, ఏ పాదం దగ్గర అడ్డుపడినదో ఒక వాక్యం రాయాలి. తొలిసారి రాసినవారికి రెండో వాక్యం గ్రూపులో కాకుండా విడిగా చెప్పాలి. అందరి ముందు దిద్దడం ఇస్లాహ్ కాదు, అవమానం.

రెండవది. పేరు, తేదీ లేకుండా కవిత ముందుకు పంపరాదు. అసలు ప్రతిని కవి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుకోవాలి. రేపు ఎవరైనా తిట్లు చేర్చితే, ఏది మనదో చూపగల కాగితం మన దగ్గర ఉండాలి. గుమాస్తాగా ఈ మాట బల్ల గుద్ది చెప్పగలము.

మూడవది మన ఆడబిడ్డల కోసం. గ్రూపులో చేరితే ఫోను నంబరు అందరికీ కనిపిస్తుంది. అందుకే ఎందరో రాసి కూడా పంపడం లేదు. వారి కవితలను ఒక పెద్ద ఆపా తీసుకొని, వారు కోరిన తఖల్లుస్‌తో పెట్టే ఏర్పాటు చేద్దాము. తండ్రులకు, అన్నలకు ఒక మాట. బిడ్డ రాసుకున్న పుస్తకం చూసి నిలదీయకండి. కూర్చొని చదివించుకొని వినండి.

నాలుగవది. ఎవరికైనా ఇబ్బంది వస్తే ముందు అతని ఇంటికి పోవాలి, తరువాతే గ్రూపు సంగతి. మాట్లాడకుండా ఎవరినీ తొలగించరాదు. నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. ఇది దయ కాదు. అలాగే మనవైపు నుంచి కూడా ఒక కట్టుబాటు ఉండాలి. అన్యాయాన్ని ప్రశ్నిద్దాము, ఏ మతాన్నీ, ఏ కులాన్నీ కించపరచవద్దు.

చివరిది. మూడు నెలలకొకసారి ఇలా కూర్చుందాము. పాత ముషాయిరాలలో షమా ఎవరి ముందుకు వస్తే వారు చదివేవారు. మనకు షమా లేదు, ఫోను వెలుగు ఉన్నది. దానిని చేతి నుంచి చేతికి అందిద్దాము.

మా మాటలు ఇంతటితో ముగిస్తున్నాము. ఇప్పుడు మొదటి కవిత వెనుక వరుస నుంచి రావాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాము. గాజుల బండి కవితను చివరి రెండు తిట్లు లేకుండా, రాసిన మనిషి పేరుతో, అతని నోటనే విందాము. వినేటప్పుడు ఫోన్లు జేబులో పెట్టుకోండి.

ఖుదా హాఫిజ్. సెలవు.