తేలు కుడితే ఒళ్లెందుకు చల్లబడుతుంది?

ఎర్రతేలు కుట్టిన మనిషికి కాళ్లూ చేతులూ చల్లబడతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆపదలో ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాలను విషం రెచ్చగొట్టడంతో వాటి కొసల్లో దాగిన నార్‌ఎడ్రినలిన్ వరదలా బయటపడుతుంది.

టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి, డోపమిన్ మీదుగా శరీరం నార్‌ఎడ్రినలిన్‌ను తయారుచేసుకుంటుంది. నరాల కొసల్లో ఇది సందేశవాహకం. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథుల నుంచి రక్తంలో కలిస్తే హార్మోను. ఆల్ఫా గ్రాహకాలను తాకి రక్తనాళాలను బిగిస్తుంది (ఒళ్లు చల్లబడేది అందుకే), బీటా గ్రాహకాలను తాకి గుండె బలాన్ని పెంచుతుంది. పని కాగానే చాలా భాగాన్ని నరమే తిరిగి లోపలికి లాక్కుంటుంది.

చంద్రపూర్‌ (మహారాష్ట్ర) నగరంలోని తుకుం ప్రాంతం దాటి తాడోబా అడవి వైపు వెళ్లేవారికి పులి కనబడితే, కంటిపాప విప్పారేదీ, మెదడు ఉలిక్కిపడి మేల్కొనేదీ దీనివల్లే. అయితే అక్కడి మే నెల ఎండకు పట్టే చెమట దీని పని కాదు. స్వేదగ్రంథులను నడిపే సింపథెటిక్ నరాలు ఎసిటైల్‌కోలిన్‌ను వాడతాయి. ఒకే వ్యవస్థలో ఈ మినహాయింపు విచిత్రమే.

నరాల సందేశవాహకంగా నార్‌ఎడ్రినలిన్‌ను 1946లో గుర్తించిన స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్‌కు 1970 నోబెల్‌లో భాగం దక్కింది. మళ్లీ తేలు దగ్గరికొస్తే, మహారాష్ట్రలోనే, కొంకణ్ ప్రాంతపు మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలుకాటుకు ప్రజోసిన్ మాత్ర ఇచ్చి ఎందరినో బతికించారు. ఆ మందు ఆల్ఫా గ్రాహకాలకు అడ్డుపడి, బిగిసిన నాళాలను వదులు చేస్తుంది. ఇన్ఫెక్షన్‌తో రక్తం విషపూరితమై రక్తపోటు పడిపోయిన రోగులకు మాత్రం ఐసీయూలో నార్‌ఎడ్రినలిన్‌నే చుక్కచుక్కగా ఎక్కిస్తారు.